మన గ్రామ మహిళా సమాఖ్య వార్షిక నివేదిక, 2025–26

సభ్యులైన అక్కచెల్లెళ్లందరికీ నమస్కారం.

సంఘాల వారీ పొదుపు, బాకీలు, సమాఖ్య జమాఖర్చులు విడిగా వేసిన లెక్కల కాగితంలో ఉన్నాయి. సర్వసభ్య సమావేశంలో వాటిని చదివి వినిపిస్తాం. ఏడాది పొడవునా మనం ఏ పని మీద పడ్డామో, అది ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. పనులు చాలానే ఉన్నా అన్నిటికీ మూలం ఏప్రిల్లో చేసుకున్న తీర్మానమే: అప్పు ఎవరి పేరు మీద ఉంటే ఆ లెక్క ఆమే చెప్పగలగాలి.

ఆ తీర్మానం ఊరికే రాలేదు. "నీ బాకీ ఎంతుందమ్మా?" అని అడిగితే "మా ఆయనకి తెలుసండి" అనే జవాబు ప్రతి సంఘంలోనూ వినిపించింది. బ్యాంకు అప్పు సంఘం పేరున వస్తుంది, పంపకం మన పుస్తకంలో జరుగుతుంది. ఆ పుస్తకం చదవడం రాకపోతే సంతకం మనది, పెత్తనం ఇంకొకరిది. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం అని పంచసూత్రాలు మనందరికీ నోటికి వచ్చినవే. ఈసారి చివరి సూత్రాన్ని ముందు పట్టుకున్నాం. ప్రతి సమావేశంలో కొందరు లేచి తమ పేజీని పైకి చదవాలి. చదువు రానివాళ్ల పక్కన ఇంటరో డిగ్రీయో చదివే ఆడపిల్లలు కూర్చున్నారు. మొదట్లో సిగ్గుపడ్డ పెద్దవాళ్లే దీపావళి నాటికి అంకెల మీద వేలు పెట్టి "ఇక్కడ పోయిన నెల వాయిదా పడలేదేం?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ అవార్డు వచ్చినా కలగదు.

పేజీలు చదవడంతోపాటు వడ్డీ లెక్క కట్టడం కూడా నేర్చుకున్నాం. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట లక్ష తెస్తే ఏడాదికి 36,000 రూపాయలు వడ్డీకే పోతుంది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద మహిళా సంఘాలకు 3 లక్షల వరకు బ్యాంకు వడ్డీ ఏడాదికి 7 శాతం. అదే లక్షకు 7,000 మించదు, అసలు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన బోర్డు మీద రాసిన రోజు సమావేశం చాలాసేపు నడిచింది.

ఆగస్టు తరువాత ఈ లెక్క అవసరం బాగా పెరిగింది. ఆ నెల 27 నుంచి అమెరికా అక్కడికి వెళ్లే మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. రొయ్య ధర పడింది, చెరువులు పట్టడం తగ్గింది, షెడ్లలో రొయ్యల తలకాయలు తీసే పనికి పిలుపులు తగ్గాయి. కూలి లేని వారాల్లో ఇంటి గుమ్మంలోకి వచ్చి అప్పిచ్చే కంపెనీల వైపు మన సభ్యులు చూశారు. వాళ్లను నేను తప్పుపట్టను. పిల్లల ఫీజుకి ఆ పూటకి డబ్బు కావాలి, మన తీర్మానానికి వారం పడుతుంది. అందుకే చిన్న మొత్తాలకు వారం ఆగకుండా, అంతర్గత నిధి నుంచి ఇద్దరు లీడర్ల సంతకంతో వెంటనే ఇచ్చేలా నిబంధన మార్చుకున్నాం.

ఇప్పటికే కంపెనీ అప్పు ఉన్నవాళ్లు ఈ విషయాలు గుర్తుపెట్టుకోండి. 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, ఇంటికి ఉన్న అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత వసూలుకు రాకూడదు. ముందుగా కట్టేస్తే జరిమానా వేయకూడదు. ఒక సభ్యురాలి ఇంటికి పొద్దుపోయాక వచ్చి కూర్చున్న వసూలు మనిషికి మన వాళ్లు ఈ నిబంధనలు చదివి వినిపించారు. మరుసటి వారం నుంచి పగలే వస్తున్నాడు.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. పాత ఇళ్లలో ఉన్నవాళ్లనీ, బాలింతలనీ, ఒంటరి ముసలమ్మలనీ సాయంత్రానికే బడికి చేర్చడంలో సంఘాల ఆడవాళ్లే ముందున్నారు. ఎవరింట్లో ఎవరున్నారో మనకి తెలిసినంతగా ఏ ఆఫీసు కాగితానికీ తెలియదు. తరువాత ఆపదల నిధి నుంచి బియ్యం, సరుకులకు చేబదులు ఇచ్చాం.

పడిపోయిన సార్వా చేల సంగతి వేరు. మన సభ్యుల్లో కౌలుకి చేసేవాళ్లు చాలామంది. పంట నష్టం రావాలంటే పేరు ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఉండాలి. 2019 చట్టం కింద ఇచ్చే 11 నెలల కౌలు కార్డుకి భూమి గలాయన సంతకం కావాలి, చాలామంది పెట్టరు. దున్నిన ఆడమనిషి పేరు ఎక్కడా లేక, నష్టం డబ్బు చేను చూడని మనిషి ఖాతాలో పడటం అన్యాయం. ఈ ఏడు నాట్లకు ముందే సంఘం తరఫున పెద్దమనుషులతో మాట్లాడి సంతకాలు అడుగుతాం. ఎవరు ఎంత చేస్తున్నారో ఇప్పుడే పేర్లు ఇవ్వండి.

లేసు గురించి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనందరికీ గర్వం. కానీ ఎగుమతిదారు, ఏజెంటు, అతని కింద ఇంకో ఏజెంటు దాటి వచ్చేసరికి అల్లినామె చేతికి అందే కూలి మాత్రం మారలేదు. ఆ గుర్తింపు కింద నమోదైన వారి పేర్లలో అల్లే ఆడవాళ్లు లేకపోతే లాభం పైవాళ్ల దగ్గరే ఆగుతుంది. ఈ ఏడాది దారం కలిసి కొన్నాం. ముక్క బరువు, పట్టిన గంటలు, ఇచ్చిన కూలి ఎవరికి వారు రాసుకోవడం మొదలుపెట్టారు. రేటు ఇంకా పెరగలేదు. రాసి పెట్టుకున్న గంటలు ముందుపెట్టి ఏజెంట్లతో బేరం ఆడటం వచ్చే ఏడాది మొదటి పని. రుస్తుంబాద లేసు పార్కుకి వెళ్లి నేరుగా ఆర్డర్లు అడగాలన్నది కమిటీ ఆలోచన. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కనుక పదిమందిమి కలిసే వెళ్దాం.

కార్యవర్గం గడువు తీరుతోంది. ఇప్పటిదాకా లీడరు కానివాళ్లే ఈసారి పేర్లు ఇవ్వాలని నా కోరిక. పేజీ పైకి చదివినవాళ్లు అధ్యక్షురాలి కుర్చీకి సరిపోతారు.

మే నెలాఖరులోగా మీ ఖాతాలో 456 రూపాయలు ఉంచండి. 436 జీవన జ్యోతి (ప్రాణ) బీమాకి, 20 సురక్షా (ప్రమాద) బీమాకి. మొదటిదాంట్లో కొత్తగా చేరడానికి వయసు 50 వరకే, రెండోది 70 వరకు ఉంది. నామినీగా ఎవరి పేరు రాశారో ఒకసారి చూసుకుని, మార్చాల్సిన వాళ్లు పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని సమావేశానికి రండి.

ఇట్లు
మీ కార్యదర్శి