చావు మాట ఎత్తగానే టాపిక్ ఎందుకు మారుస్తాం?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రికలో చావు లేని రోజు ఉండదు. మొదటి పేజీలో ప్రమాదం, లోపల హత్యలు, ఆత్మహత్యలు, చివర్లో ఫొటోలతో శ్రద్ధాంజలి ప్రకటనలు. దేవుడూ రోజూ ఉంటాడు, ఒక రోజు ఆధ్యాత్మిక శీర్షికలో, ఇంకో రోజు మతం పేరుతో జరిగిన గొడవలో. కానీ "నాకు చావంటే భయంగా ఉంది", "పోయాక ఏముంటుందో నాకు తేలడం లేదు, మీరేమనుకుంటారు?" అని మామూలు మనిషి మామూలుగా అన్న మాట మాత్రం ఎక్కడా కనబడదు. తప్పంతా మీదే అనను. ఆ మాట ఇళ్లలోనే వినబడదు.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం క్యాన్సర్ వార్డులోనే. అక్కడ పదే పదే చూసింది ఒకటి చెబుతాను. కొడుకు నన్ను కారిడార్‌లోకి పిలిచి, "సిస్టర్, నాన్నకి అసలు సంగతి చెప్పకండి, తట్టుకోలేరు" అంటాడు. రాత్రి సెలైన్ మార్చడానికి వెళ్తే ఆ నాన్నే గొంతు తగ్గించి, "నాకు అర్థమైందమ్మా. పిల్లలకి మాత్రం నాకు తెలిసినట్టు చెప్పకు, బెంగ పెట్టుకుంటారు" అంటాడు. తెల్లారాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని క్రికెట్ స్కోరు మాట్లాడుకుంటారు. ఇద్దరి రహస్యమూ నా దగ్గరే ఉంటుంది, నేను ఎవరికీ చెప్పకూడదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికా ఆస్పత్రుల్లో గమనించి 1965లో సరిగ్గా ఇదే రాశారు. రోగికి తెలుసు, అయినవాళ్లకీ తెలుసు, అయినా ఎవరికి వారు తెలియనట్టే నటిస్తారు. మా వార్డుకి వచ్చి రాసుకెళ్లారా అనిపించింది. అదే ఏడాది షికాగోలో ఎలిజబెత్ క్యూబ్లర్‌రాస్ అనే మానసిక వైద్యురాలు, చివరి దశలో ఉన్న రోగులతో మాట్లాడతానని ఒక పెద్ద ఆస్పత్రిలో వార్డు వార్డుకీ తిరిగి అడిగితే, "అలాంటివాళ్లు మా దగ్గర ఎవరూ లేరు" అన్నారట. ఆస్పత్రిలో చనిపోబోయేవాళ్లే లేరట!

ప్రేమ కొద్దీ దాస్తాం అంటారు. అది సగం నిజం. మాట ఎత్తితే జవాబు చెప్పాల్సి వస్తుందేమోనన్న టెన్షన్ మిగతా సగం. "పోయాక ఏమవుతుంది?" అని మంచం మీద ఉన్న మనిషి అడిగితే ఏం చెబుతాం? మనకి తెలిస్తే కదా. అందుకని "ఛ, నోట మంచి మాట రానీయండి, మీకేమీ కాదు" అని దిండు సర్దేసి టీవీ పెడతాం. వాళ్లు అడిగింది జవాబు కోసమే అయి ఉండదని ఎవరికీ తోచదు.

ఒక పెద్దాయన జీవితమంతా నాస్తికుడు, వాదనకి దిగితే ఎవరినీ వదిలేవాడు కాదు. ఒక రాత్రి నన్ను కూర్చోమని, "పోయాక మా ఆవిడ కనబడుతుందంటావా?" అన్నాడు. నేను తెలియదన్నాను. "నాకూ తెలియదు. కానీ కనబడితే బాగుండును" అని కాసేపు ఆవిడ గురించి చెప్పుకొచ్చాడు. ఇదంతా కొడుకులతో అనొచ్చు కదా అంటే, "నవ్వుతారు" అన్నాడు. ఇంకో ఆవిడ రోజంతా ప్రార్థనలోనే ఉండేది, ఆ ఇంట్లో ఆవిడ భక్తే అందరికీ ధైర్యం. "ఇన్నేళ్లూ పిలిచాను, అవతల ఎవరూ లేరేమో అనిపిస్తోంది సిస్టర్" అని నాతో అంది, ఇంట్లోవాళ్లతో అనలేకపోయింది. ఇద్దరూ భయపడింది అవతలి పక్షానికి కాదు, తమవాళ్లకే. విశ్వాసం అయినా అవిశ్వాసం అయినా ఇప్పుడు సభ్యత్వం లాంటిదైపోయింది. సందేహం వచ్చిందంటే కార్డు లాక్కుంటారేమోనని బెదురు. మతం గురించి మనం అస్సలు మాట్లాడుకోమని కాదు, గట్టిగానే మాట్లాడతాం. మనకి చేతనైనవి రెండే, బోధించడం, వాదించడం. అవతలి మనిషి ఏమనుకుంటున్నాడో అడిగి, విని, ఊరుకోవడం మాత్రం చేతకాదు.

చావు, విశ్వాసం కలిసి వచ్చినప్పుడు మనుషులు ఇంకా బిగుసుకుపోతారని చెప్పే ప్రయోగం ఒకటుంది. 1989లో ప్రచురించారు. అమెరికాలో కొందరు మున్సిపల్ జడ్జీలకి ఒకే రకమైన వ్యభిచారం కేసు కాగితాలు ఇచ్చి, బెయిల్ బాండు ఎంతో రాయమన్నారు. వాళ్లలో కొందరిని ముందుగా తమ చావు గురించి ఆలోచించమన్నారు. అలా ఆలోచించినవాళ్లు సగటున 455 డాలర్లు రాస్తే, మిగిలినవాళ్లు 50 రాశారు. అంటే చావు తలపుకొస్తే, తాము తప్పని నమ్మేదాని మీద మనుషులు ఇంకా కఠినంగా ఉంటారన్నమాట. ఈ కోవకే చెందిన మరో ప్రయోగాన్ని తర్వాత చాలా ల్యాబ్‌లు కలిసి మళ్లీ చేస్తే అలాంటి ఫలితం కనబడలేదు కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. అయితే చావింటి దగ్గర అన్నదమ్ములు నమ్మకాల విషయంలో పట్టుదలకి పోవడం చూసినవాళ్లకి ఇది పెద్ద వింత కాదు.

కఠోపనిషత్తులో నచికేతుడు అడిగితే యముడంతటివాడే దాటవేశాడు. నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, ఏం కావాలన్నా కోరుకో, మరణం గురించి మాత్రం అడక్కు అన్నాడు. మనం మంచం పక్కన కూర్చుని చేసేదీ అదే. "బాగయ్యాక ఊరెళ్దాం, మనవడి పెళ్లి చూడాలి కదా" అంటూ ఆశ పెడతాం. నచికేతుడు మొండివాడు కాబట్టి వదల్లేదు. రోగులు అంత మొండివాళ్లు కారు, ఒకసారి మాట తప్పిస్తే మళ్లీ అడగరు.

మాట్లాడితే ధైర్యం చెదిరిపోతుందన్న వాదనకీ జవాబుంది. చివరి దశలో ఉన్న 332 మంది క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2008లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చింది. డాక్టర్లతో ముందే ఆఖరి దశ గురించి మాట్లాడిన రోగుల్లో డిప్రెషన్ ఏమీ ఎక్కువ కనబడలేదు. వాళ్లు ఆఖరి రోజుల్లో వెంటిలేటర్, ఐసీయూ బారిన పడటం మాత్రం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి నొప్పి తగ్గించి సాంత్వననిచ్చే పాలియేటివ్ కేర్ అవసరం, అందుతున్నది దాదాపు 14 శాతం మందికే. కారణాల్లో మందుల కొరత, శిక్షణ లేకపోవడంతో పాటు చావు గురించిన నమ్మకాలు కూడా ఆ సంస్థ జాబితాలో ఉన్నాయి. మన మౌనం వల్ల మనసు బాధ ఒక్కటే కాదు, ఒంటి నొప్పి కూడా మిగిలిపోతోంది.

అందరినీ బలవంతంగా మాట్లాడించమని నేననను. తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఉంటారు, అది వాళ్ల హక్కు. ఒంట్లో ఓపిక లేని మనిషి మంచం దగ్గరకి వచ్చి తమ దేవుణ్ణి అంటగట్టేవాళ్లనీ, "అవన్నీ భ్రమలు" అని ఆ సమయంలో పాఠం చెప్పేవాళ్లనీ చూశాను. ఇద్దరినీ వార్డులోంచి పంపేయాలనిపించేది, కొన్నిసార్లు పంపేశాను కూడా. ఇలాంటివాళ్లకి జడిసే చాలామంది అసలు నోరు విప్పరు.

ఇక నేను కోరేవి. నర్సులకీ డాక్టర్లకీ ఇంజెక్షన్ చేయడం నేర్పినట్టే "మీకు అన్నిటికన్నా భయం దేని గురించి?" అని అడగడం, అడిగాక మాట్లాడకుండా వినడం నేర్పాలి. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్, ఒంటి నొప్పితో పాటు మనసు, కుటుంబం, విశ్వాసాలకి సంబంధించిన నొప్పి కూడా నొప్పేనన్నారు. మా చదువులో అది ఒక పేరాతో అయిపోయింది.

మీ పత్రిక నుంచి ఒక చిన్న శీర్షిక కావాలి. 2011లో లండన్‌లో జాన్ అండర్‌వుడ్ అనే ఆయన 'డెత్ కేఫ్' పేరుతో ముక్కూమొహం తెలియనివాళ్లని టీ, కేకు దగ్గర కూర్చోబెట్టి చావు గురించి మాట్లాడించడం మొదలుపెట్టారు. అక్కడ ఎవరినీ ఏ నిర్ణయం వైపూ నడిపించకూడదన్నది నియమం. మీ శీర్షికకీ అదే నియమం పెట్టండి. నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు, ఎటూ తేల్చుకోలేనివాళ్లు ఎవరికి తోచింది వారు రాస్తారు. కింద పండితుడి వివరణ గానీ, సైకాలజిస్టు సలహా గానీ వద్దు. ఎవరైనా ఖండిస్తూ రాస్తే, ముందు తామేమనుకుంటున్నారో రాయమని తిప్పి పంపండి.

ఈ లేఖ అచ్చు వేస్తే దయచేసి ఆధ్యాత్మిక పేజీలో వేయకండి. రోడ్లు, కరెంటు, స్కూలు ఫీజుల ఉత్తరాల పక్కనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ స్టాఫ్ నర్సు