ఫొటోలు చాలు, డబ్బా సంగతి చెప్పండి

సంపాదకులకు,

జూన్ వస్తే చాలు, స్కూలు ఫీజుల మీద మీ పేపర్లో రోజూ ఏదో ఒకటి వస్తుంది. మేమూ చదివి, నాలుగు తిట్లు తిట్టుకుని, కట్టేస్తాం. నేను రాస్తున్నది ఫీజు గురించి కాదు. కట్టేశాక, పొద్దున గేటు లోపలికి పోయిన పిల్లాడు మధ్యాహ్నం బయటికి వచ్చేదాకా ఏం తిన్నాడు, ఎవరి పక్కన కూర్చున్నాడు, ఎందుకు ఏడ్చాడు, ఇవి మనకు చెప్పేదెవరు అన్న దాని గురించి.

మాది ప్రొద్దుటూరు. పదకొండేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో ఉంటున్నాం. ఇద్దరికీ ఉద్యోగాలు. ఒకటో తరగతి చదివే మా వాణ్ని స్కూల్లో దింపేది, తీసుకొచ్చేది వాళ్ల జేజి, అంటే మా అత్తమ్మ. స్కూలుకు ఒక యాప్ ఉంది. అది ఒక్క నంబరు మీదే పనిచేస్తుంది, ఆ నంబరు మా ఆయనది. అంటే గేటు దగ్గర నిలబడేది జేజి, మెసేజ్ వచ్చేదేమో వైట్‌ఫీల్డ్‌లో మీటింగులో కూర్చున్న మనిషికి. ఆయన సాయంత్రం చూసి "ఈరోజు హాఫ్ డే అంట" అని చెప్పిన రోజులు కూడా ఉన్నాయి.

సంక్రాంతికి ఊరికి పోయొచ్చాక మా వాడి లంచ్ బాక్సు నిండుగా పోయి నిండుగా రావడం మొదలైంది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, వరసగా తొమ్మిది రోజులు. వాడికి ప్రాణమైన చిత్రాన్నం పెట్టినా, నెయ్యి రాసిన చపాతీ చుట్టి పెట్టినా, సర్దింది సర్దినట్టే తిరిగొచ్చేది. ఏం నాయనా అంటే "ఆకలి కాలా" అనేవాడు, ఇంటికొచ్చీ రాగానే మాత్రం రెండు గిన్నెల పెరుగన్నం లాగించేవాడు. జేజి దిష్టి అని ఉప్పు తిప్పి పోసింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే నులిపురుగులకు సిరప్ రాసిచ్చాడు. నేనేమో క్లాసులో ఎవరైనా ఏడిపిస్తున్నారేమోనని రాత్రిళ్లు టెన్షన్ పడ్డాను. అదే తొమ్మిది రోజుల్లో యాప్‌లో మాకు వచ్చినవి ఏంటంటే, గ్రీన్ డే ఫొటోలు, ఫీజు గుర్తు చేస్తూ రెండు మెసేజులు, యాన్యువల్ డే డ్రెస్సుకు 850 రూపాయలు కట్టమని ఒకటి, "హెల్దీ లంచ్, హ్యాపీ కిడ్స్" అని ఇంకో పాతిక ఫొటోలు.

అసలు సంగతి చెప్పింది స్కూల్లో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ. ఆమెది కోలారు దగ్గర పల్లె, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పదో రోజు గేటు దగ్గర జేజిని చూసి తనే పిలిచి, "ఏంలేదమ్మా, ఇంతకు ముందు అన్నాల కాడ నేనే ఉంటాంటి, పిల్లోళ్ల డబ్బాలన్నీ నేనే తీసిస్తాంటి. పండగ అయినంక నన్ను గేటుకాడికి ఏసినారు. మీ వానికి ఆ కొత్త డబ్బా తీసేకి రాదు" అంది. అంతే. సాంబారు కారి పుస్తకాలు తడుస్తున్నాయని నేనే కొన్న డబ్బా అది, నాలుగు వైపులా నొక్కే క్లిప్పులుంటాయి, పెద్దవాళ్లకే గోరు విరుగుతుంది. తీసిపెట్టమని అడగడానికి వాడికి సిగ్గు, తీసే మనిషి అక్కడ లేదని మాకు తెలియదు. ఆ రాత్రి యాప్‌లో వెనక్కి పోయి ఆ లంచ్ ఫొటోలన్నీ చూశాను. ముందు నలుగురు పిల్లలు క్యారెట్ ముక్కలు పైకెత్తి నవ్వుతున్న ఫొటో ఒకటుంది. దాన్ని పెద్దది చేసి చూస్తే ఎడమ మూలన మా వాడు, తల వంచుకుని, రెండు బొటనవేళ్లూ క్లిప్పు కింద పెట్టి నెడుతున్నాడు. అంటే స్కూలు మాకు ఆ సంగతి పంపించింది కూడా. మేమే చూడలేదు, తీసినవాళ్లూ చూడలేదు.

మరుసటి రోజు సెలవు పెట్టి పోయి క్లాస్ టీచర్ని కలిశాను, నిజం చెప్పాలంటే గొడవ పెట్టుకుందామనే పోయాను. ఆమె మాట విన్నాక నోరు రాలేదు. క్లాసులో ముప్ఫై ఆరు మంది. భోజనానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లోనే ఫోన్ పట్టుకుని ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాలి, పెట్టకపోతే మేనేజ్‌మెంట్ అడుగుతుంది, ఎందుకంటే ఫొటో రాని రోజు పేరెంట్స్ అడుగుతారు. ఇందులో మన తప్పు లేదని ఎట్లా అంటాం? క్లాస్ గ్రూపులో రాత్రి పదకొండింటికి "మా పాప ఫొటోలో లేదేంటి" అని రాసేది మనమే. సగం మార్కు కోసం మిస్‌తో వాదించేదీ మనమే. పాపం ఆమె డబ్బాలు తీయాలా, ఫొటోలు తీయాలా? పిల్లల ఫొటోలు ఇట్లా పెట్టడానికి అసలు మమ్మల్ని ఎవరైనా అడిగారా అన్నది వేరే ఉత్తరం, ఇప్పుడు వద్దు.

పోయినేడు యూకేజీలో డైరీ ఉండేది. అట్ట చిరిగి, మూలలు మడతపడి, ఒకసారి నీళ్ల బాటిల్ కారి ఉబ్బిపోయిన డైరీ. నేను పొద్దున "రాత్రంతా దగ్గాడు, గోరువెచ్చని నీళ్లు పంపాను, అవే తాగించండి" అని రాస్తే, సాయంత్రం కింద ఎర్ర పెన్నుతో "తాగాడు, రెండుసార్లు దగ్గాడు" అని ఉండేది. ఆ ఒక్క లైను చాలు, నాకు ఆ రోజు ఆఫీసు పని సాగిపోయేది. యాప్‌లో మనం తిరిగి రాసే దారే లేదు, ఏ మెసేజ్ చూసినా కింద రిప్లై ఇవ్వడం కుదరదని ఉంటుంది. డైరీ ఎందుకు తీసేశారంటే కాగితం ఆదా, పర్యావరణం అట. ప్రాజెక్టుకని ఇంటింటికీ రెండేసి థర్మాకోల్ షీట్లు తెమ్మన్నది కూడా వీళ్లే.

మా ఇంట్లో పనికొచ్చే ఆమె కూతురు గవర్నమెంట్ స్కూల్లో చదువుతుంది. ఈ వారం వాళ్లకు ఏం వండారు, ఏ టీచర్ లీవులో ఉంది, బాత్రూం తలుపు ఎప్పుడు బాగు చేయించారు అన్నీ ఆమెకు తెలుసు, ఎందుకంటే అక్కడ తల్లిదండ్రుల కమిటీ ఉంది, ఈమె పక్కింటావిడ అందులో మెంబరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మెంబర్లలో సగం ఆడవాళ్లు ఉండాలి. గవర్నమెంట్ స్కూళ్లకూ ఎయిడెడ్ స్కూళ్లకూ ఇది ఉంది, ఎయిడ్ తీసుకోని మాలాంటి ప్రైవేటు స్కూళ్లకు లేదు. లక్ష పైన కట్టే మాకు పిల్లాడి డబ్బా సంగతి తెలియదు, రూపాయి కట్టని ఆమెకు అన్నీ తెలుసు. మా చెల్లెలు ఇంకోటి చెప్పింది. 2024 డిసెంబర్ 7న ఆంధ్రాలో గవర్నమెంట్ బడులన్నింట్లో ఒకే రోజు పేరెంట్స్ మీటింగ్ పెట్టారు కదా, ఆరోజు అది కూడా బడికి పోయి కూతురి పక్కనే కూర్చుని మధ్యాహ్న భోజనం తినొచ్చింది. "అక్కా, పప్పు నీళ్లగానే ఉందిలే, కానీ అది ఎవరి పక్కన కూర్చుంటుందో, ఎంతసేపు నములుతుందో చూసినా" అంది. మా స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అంటే పది నిమిషాలు, ఆ పది నిమిషాలూ స్క్రీన్ మీద గ్రేడులు చూపించడం.

పెద్ద విషయాల్లో కూడా ఇదే వరస. 2023 డిసెంబర్ 1న, శుక్రవారం, బెంగళూరులో నలభైకి పైగా స్కూళ్లకు బాంబు ఉందని మెయిళ్లు వచ్చిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తర్వాత అదంతా ఉత్తదే అని తేలింది. మా వాడు అప్పుడు ఎల్‌కేజీ. మా స్కూలుకు ఆ మెయిల్ రాలేదు, కానీ రాలేదు అన్న ఒక్క ముక్క చెప్పడానికి కూడా మధ్యాహ్నం దాకా ఎవరికీ తీరలేదు. టీవీ చూసి జేజి చెప్పుల్లేకుండా ఆటో ఎక్కేసింది.

నేను అడిగేది మరీ గొంతెమ్మ కోరికేం కాదు. ముప్ఫై ఆరు మందికి రోజూ రిపోర్టు రాయమని ఏ టీచర్నీ అడగను. పిల్లల రోజులో ఏదైనా మారితే, అంటే ఆయమ్మ మారినా, కూర్చునే చోటు మారినా, అన్నం తినే టైం మారినా, క్లాసులో నలుగురికి జ్వరం వచ్చినా, ఆ మాట ఒక్కటి చెప్పండి. గేటు పక్కన ఒక నల్లబోర్డు పెట్టి సుద్దముక్కతో రాసినా చాలు. కన్నడలో రాసినా మాకు ఇబ్బంది లేదు, కన్నడ అక్షరాలు తలకట్టు తేడాతో దాదాపు మన అక్షరాలే కదా, సిటీ బస్సుల బోర్డులు కూడబలుక్కుని కూడబలుక్కుని మా అత్తమ్మకు వచ్చేశాయి. ఇంగ్లీషు యాప్ మాత్రం ఆమెకు రాదు, ఈ వయసులో నేర్చుకోమనడం న్యాయం కాదు. టర్ముకు ఒక్కసారైనా మమ్మల్ని లంచ్ టైంలో లోపల కూర్చోనివ్వండి. డైరీ తిరిగి ఇవ్వండి, ఆ కాగితం ఖర్చు కావాలంటే మేమే పెట్టుకుంటాం.

ఇప్పుడు మా వాడికి పాత స్టీలు డబ్బానే పెడుతున్నాం, మూత ఊరికే లాగితే వస్తుంది. సాంబారు మళ్లీ కారుతోంది. మీ బెంగళూరు ఎడిషన్ చదివే తల్లిదండ్రులు ఎవరైనా తమ పిల్లల స్కూల్లో డైరీ ఇంకా ఉందో, తీసేశారో, తీసేస్తే అడిగి తెచ్చుకోగలిగారో మీ పేజీలో రాస్తే ఆ కటింగ్ పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోవాలని ఉంది.

ఇట్లు,
ఒకటో తరగతి పిల్లాడి తల్లి,
మున్నేకొళాల, బెంగళూరు