మొక్కుకు ఒక కొలత, ప్రార్థనకు ఇంకో కొలతా?

సంపాదకుల వారికి,

నమస్కారం. మహిళల క్రికెట్ ప్రపంచ కప్ సెమీఫైనల్ గెలిచిన రాత్రి భారత బ్యాటర్ జెమీమా రోడ్రిగ్స్ యేసుకు కృతజ్ఞతలంటూ పలికిన ఒక్క మాటను పట్టుకుని సామాజిక మాధ్యమాల్లో పెద్ద రచ్చ జరిగింది. క్రీడాకారులు తమ దేవుణ్ని నలుగురిలో తలచుకోవచ్చా, తలచుకుంటే ఎంతవరకు అన్న ప్రశ్న ఏదో ఒక పేరుతో మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంది. ఈ విషయంలో ప్రేక్షకులుగా, పాఠకులుగా, పత్రికలుగా మనం పాటిస్తున్న రెండు నాల్కల ధోరణి నన్ను చాలా బాధపెడుతోంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా 2025 అక్టోబరు 30న నవీ ముంబయిలోని డి.వై.పాటిల్ మైదానంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. అంతకు కొద్ది రోజుల ముందే మన విశాఖపట్నంలో ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని మన జట్టు మీదే ఛేదించి మహిళల వన్డేల్లో కొత్త రికార్డు నెలకొల్పింది. సెమీఫైనల్లో అదే ఆస్ట్రేలియా 339 పరుగుల లక్ష్యం పెడితే మన అమ్మాయిలు ఇంకా తొమ్మిది బంతులు మిగిలి ఉండగానే దాన్ని అందుకుని ఆ రికార్డును చెరిపేశారు. జెమీమా 134 బంతుల్లో 127 పరుగులు చేసి చివరిదాకా నిలబడింది. తాను వన్‌డౌన్‌లో, అంటే మూడో స్థానంలో, దిగాలన్న సంగతి బ్యాటింగ్ మొదలవడానికి అయిదు నిమిషాల ముందే తెలిసిందని ఆమే చెప్పింది. వంద పరుగులు దాటినప్పుడు కూడా సంబరం చేసుకోలేదు. గెలుపు పరుగు పూర్తయ్యాకే, మట్టి అంటిన జెర్సీతో, కళ్లనీళ్లు ఆపుకోలేక నిలబడిన ఆ అమ్మాయి ముందు మైకు పెట్టారు.

అప్పుడు ఆమె మొట్టమొదట యేసుకు కృతజ్ఞతలు చెప్పింది, ఇది తన ఒక్కదాని వల్ల అయ్యేది కాదంది. ఆ వెంటనే అమ్మకు, నాన్నకు, కోచ్‌కు, తనను నమ్మిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. చివరి ఓవర్లలో ఒంట్లో సత్తువ లేనప్పుడు, నువ్వు నిలకడగా ఉండు, నీ పక్షాన దేవుడే పోరాడతాడు అన్న అర్థం గల బైబిలు వాక్యాన్ని మనసులో చెప్పుకుంటూ ఆడానంది. నిర్గమకాండంలోని ఆ వాక్యం తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పిల్లలకు కూడా కంఠతా వచ్చినదే. ఆమె మత విషయమై అన్నది ఇంతే. ఈ నాలుగు మాటలకే మతప్రచారమనీ, మతమార్పిడి కుట్ర అనీ తిట్లు మొదలయ్యాయి. అంతకు ఏడాది క్రితం, 2024లో, ముంబయిలోని ఖార్ జింఖానా క్లబ్బు ఆమె గౌరవ సభ్యత్వాన్ని రద్దు చేసిన ఉదంతాన్ని తవ్వితీశారు. క్లబ్బు ఆవరణలో ఆమె తండ్రి మత కార్యక్రమాలు నడిపారన్నది అప్పటి ఆరోపణ. అవి క్లబ్బు పెద్దలకు తెలిసి, వారి అనుమతితో జరిగిన ప్రార్థన కూటాలనీ, మతమార్పిడి మాటే లేదనీ ఆయన అప్పుడే వివరణ ఇచ్చారు. తండ్రి మీద వచ్చిన ఆరోపణకూ, కూతురు ఆడిన ఇన్నింగ్స్‌కూ ముడిపెట్టడం ఏ న్యాయం?

ఈ గొడవలో కొట్టుకుపోయిన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. ఆ టోర్నీలో ఆమె రెండుసార్లు సున్నాకే అవుటైంది, ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు జట్టులో చోటే దొరకలేదు. తీవ్రమైన ఆందోళనతో రోజూ ఏడ్చేదాన్ననీ, అమ్మకు ఫోన్ చేసి ఏడ్చి మనసు తేలిక చేసుకునేదాన్ననీ ఆమె దాచుకోకుండా చెప్పింది. తన దగ్గర కూర్చుని ఓదార్చిన వారిలో మన హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి పేరును ప్రత్యేకంగా తలచుకుంది. ఒక క్రైస్తవ అమ్మాయి తన ప్రార్థన గురించి, తనను ఓదార్చిన తెలుగింటి స్నేహితురాలి గురించి ఒకే గుక్కలో చెబితే, మనం అందులో మొదటి సగాన్ని ఏరి గొడవ చేసుకుని రెండో సగాన్ని వదిలేశాం. మానసిక ఒత్తిడి గురించి దేశం తరఫున ఆడే క్రీడాకారిణి ఇంత బాహాటంగా మాట్లాడటం చాలా అరుదు. మన ఊళ్లలో ఆటలు నేర్చుకుంటున్న ఎందరో ఆడపిల్లలకు అది అందవలసినంతగా అందకుండా పోయిందని నా బాధ.

ఇప్పుడు మన తెలుగువాడి సంగతి చూద్దాం. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ చేశాడు. స్టాండ్స్‌లో నిలబడి చేతులు జోడించి ఏడుస్తున్న అతని తండ్రిని చూసి కళ్లు చెమర్చని తెలుగు ఇల్లు ఉండి ఉండదు. తిరిగొచ్చాక జనవరిలో నితీశ్ తిరుమల వెళ్లి మోకాళ్ల మీద మెట్లెక్కాడు, ఆ వీడియోను తానే అందరితో పంచుకున్నాడు. మనం మురిసిపోయాం, పత్రికలు ఫొటో వేసి మెచ్చుకున్నాయి, అందులో తప్పేమీ లేదు. నేను ఏటా అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కేవాణ్ని. ఆ మెట్ల మీద మోకాళ్లు ఆనించి ఎక్కడమంటే ఎంత నొప్పో, ఆ నొప్పిలోనే ఎంత తృప్తి ఉంటుందో నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. దేవుడి దయ వల్ల నాకిది దక్కింది అని నితీశ్ శరీరంతో చెప్పినదాన్నే జెమీమా నోటితో చెప్పింది. ఒకరిది భక్తి అయితే, రెండోవారిది ప్రచారం ఎలా అవుతుంది?

ఆటను, మతాన్ని కలపకూడదు, భక్తి ఇంట్లోనే ఉండాలి అనే పెద్దమనుషులు కొందరు ఉన్నారు. వారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ సూత్రాన్ని నిజంగా పాటించాలంటే ఆయుధపూజ నాడు బ్యాట్లకు, బంతులకు బొట్టు పెట్టడం దగ్గర నుంచీ, కొత్త మైదానంలో కొబ్బరికాయ కొట్టడం దాకా అన్నీ మానుకోవాలి. మానుకోమని నేను అనను, ఎవరూ అనరు కూడా. అవి మన బతుకులో కలిసిపోయిన పనులు కాబట్టి మన కంటికి మతంలా కనిపించవు. పక్కవాడి పని మాత్రం వెంటనే కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఒక హోటల్లో భారత జట్టుకు బొట్టు పెట్టి స్వాగతం పలికిన వీడియో అందరూ చూశారు. బొట్టు వద్దన్నవారిలో జట్టు సహాయక సిబ్బంది కూడా ఉన్నారు, కానీ తిట్లన్నీ మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్‌కు, కశ్మీర్ కుర్రాడు ఉమ్రాన్ మాలిక్‌కు పడ్డాయి. ఒకే హోటల్లో, ఒకే నిమిషంలో, ఒకే పని చేసిన నలుగురిలో ఇద్దరి పేర్లు చూసి తీర్పు చెప్పాం.

ఇది ఒక మతం వారు మాత్రమే చేసే తప్పు కూడా కాదు. భారత బౌలర్ మహమ్మద్ షమీని చూడండి. 2023 నవంబరు 2న వాంఖడేలో శ్రీలంకపై అయిదో వికెట్ తీసి అతను మోకాళ్ల మీద వంగితే, సజ్దా (నుదురు నేలకు ఆనించే ముస్లింల ప్రార్థన) చేయబోయి భయపడి ఆగాడని కొందరు ఎగతాళి చేశారు. చేయాలనుకుంటే నన్ను ఆపేదెవరు అని అతను తర్వాత చెప్పవలసి వచ్చింది. 2025 మార్చిలో దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనల్లో ఎండలో బౌలింగ్ చేస్తూ పానీయం తాగితే, రంజాన్ ఉపవాసం పాటించలేదని ఒక మతపెద్ద తప్పుపట్టారు. భక్తి చూపిస్తే ఒకరు, చూపకపోతే ఇంకొకరు వేలెత్తి చూపుతుంటే ఆ బౌలర్ చెయ్యి బంతి మీద ఎలా నిలుస్తుంది? దేవుణ్ని నలుగురిలో తలచుకునే హక్కు ఎంత ముఖ్యమో, తలచుకోకుండా ఉండే హక్కూ అంతే ముఖ్యం.

హద్దులు అక్కరలేదని నేను అనడం లేదు. జెర్సీ జట్టుది, దేశానిది. దాని మీద ఒకరి మత నినాదం రాయకూడదన్న ఫుట్‌బాల్ నిబంధన నాకు సబబుగానే తోస్తుంది. బ్రెజిల్ ఆటగాడు కాకా విజయం తర్వాత చొక్కా కింద నుంచి యేసు పేరున్న టీషర్టు చూపించిన రోజులు పోవడానికి కారణం ఇలాంటి నిబంధనలే. అయితే నేల మీద మోకరిల్లడం, ఆకాశం వైపు చూడటం, గుండెల మీద సిలువ గుర్తు వేసుకోవడం మనిషి సొంతం. 2014లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో హుసేన్ అబ్దుల్లా అనే ఆటగాడు సజ్దా చేస్తే రిఫరీలు అతని జట్టుకు పెనాల్టీ వేశారు. మర్నాడే లీగ్ అది పొరపాటని ఒప్పుకుంది. మన క్రికెట్ సంఘాల నుంచి అలాంటి స్పష్టమైన మాట మనకెప్పుడు వినపడింది? 2021లో పాకిస్థాన్‌తో ఓటమి తర్వాత షమీని మతం పేరుతో దూషించినప్పుడు, మతాన్ని బట్టి మనిషి మీద దాడి చేయడం అతి హీనమని నిలబడి చెప్పినవాడు కెప్టెన్ విరాట్ కోహ్లీ. అందుకు అతని కుటుంబమే బెదిరింపులు ఎదుర్కొంది.

అవుటై పెవిలియన్‌కు నడుస్తున్న ప్రత్యర్థి చెవిలో పడాలని దేవుడి పేరును నినాదంగా అరవడాన్ని మాత్రం నేను భక్తి అనలేను. 2023 అక్టోబరు 14న అహ్మదాబాద్‌లో భారత్‌తో మ్యాచ్‌లో పాకిస్థాన్ బ్యాటర్ రిజ్వాన్‌కు ఎదురైనది అదే. దానికి నాలుగు రోజుల ముందు మన ఉప్పల్ మైదానంలో అదే రిజ్వాన్ శ్రీలంకపై 131 పరుగులతో అజేయంగా నిలిచి 345 పరుగుల లక్ష్యాన్ని ఛేదించినప్పుడు హైదరాబాద్ ప్రేక్షకులు చప్పట్లతో ఆదరించారు, సొంత ఊళ్లో ఆడినట్టుందని అతనే మెచ్చుకున్నాడు. తెలుగువారిగా మనం గర్వంగా చెప్పుకోవలసిన సాయంత్రం అది.

ఇక పత్రికకు నా విన్నపం. ఊరూపేరూ లేని ఖాతాల నుంచి వచ్చిన పది తిట్లను పోగుచేసి 'నెటిజన్ల ఆగ్రహం' అని శీర్షిక పెట్టే పద్ధతిని దయచేసి మానండి. ఆ తిట్లకు వార్త స్థాయి ఇస్తున్నది అదే. క్రీడాకారులు మ్యాచ్ తర్వాత మాట్లాడినదాన్ని దేవుడి పేరుతో సహా, అమ్మానాన్నల పేర్లతో సహా, స్నేహితుల పేర్లతో సహా పూర్తిగా వేయండి. ఆంధ్ర, హైదరాబాద్ క్రికెట్ సంఘాలు కూడా తమ మైదానాల్లో మతం పేరుతో ఏ ఆటగాణ్నైనా దూషించేవారిని స్టేడియం నుంచి పంపించేస్తామని టికెట్ మీదే ముద్రించాలి. మీ క్రీడా విభాగం ఈ ప్రశ్నను ఆ రెండు సంఘాల పెద్దల ముందు ఉంచి, వారిచ్చే జవాబును ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ