ఫార్వర్డింగ్ మార్చాక కూడా ఉత్తరాలు పాత చోటికే వెళ్లిన ఆ గంట గురించి

మన మెయిల్ సర్వీసు ఖాతాదారులందరికీ నమస్కారం.

మంగళవారం పొద్దున జరిగిన పొరపాటు మీలో ఒక్కరినే ఇబ్బంది పెట్టింది. అయినా అందరికీ రాస్తున్నాను. ఆ పొరపాటుకు మూలమైన మార్పును నేను మీ అందరి మెయిల్ మీదా చేశాను, ఎవరికీ ముందుగా చెప్పకుండా చేశాను.

జరిగింది ఇది. మన దగ్గర మెయిల్ తీసుకున్న ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో అమ్మకాల పని చూసే ఉద్యోగి మానేశారు. కొనుగోలుదారులు ఒక ఉమ్మడి చిరునామాకు రాసే ఉత్తరాలు ఆయన సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ అయ్యేవి. యజమాని తొమ్మిదిన్నరకు మన పేజీ తెరిచి, ఫార్వర్డింగ్‌ను కొత్త ఉద్యోగి చిరునామాకు మార్చారు. మార్పు నమోదైందని పేజీ చెప్పింది. ఆ తర్వాత దాదాపు గంటసేపు ఉత్తరాలు పాత ఉద్యోగికే వెళ్లాయి. వాటిలో ఒకటి కంటైనర్ లోడింగ్ తేదీ గురించి విదేశీ కొనుగోలుదారు పంపింది.

యజమాని నాకు ఫోన్ చేశారు. "ఏమండీ, మార్చినట్టు మీ పేజీ చూపిస్తోంది. నేను పరీక్షకు పంపిన ఉత్తరం కూడా పాత అబ్బాయికే వెళ్లిందట. పాపం అతనే ఫోన్ చేసి చెప్పాడు" అన్నారు. నేను డేటాబేస్ తెరిచి చూశాను. అందులో కొత్త చిరునామాయే ఉంది. "మా వైపు సరిగానే ఉందండి, మీ వాళ్ల మెయిల్‌లో పాత సెట్టింగు ఏదైనా మిగిలిపోయిందేమో చూడండి" అని చెప్పాను. ఆ మాట తప్పు. ఆయన నా మాట నమ్మి, ఆఫీసులో పని ఆపి, లేని సెట్టింగు కోసం వెతికారు. ఉత్తరాలు తప్పు చోటికి వెళ్లడం కంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. ఆయనను కలిసి క్షమాపణ చెప్పాను. మీ అందరి ముందూ మళ్లీ చెబుతున్నాను.

ఇంతకూ నేను చేసిన మార్పు ఏమిటో, ఎందుకు చేశానో మీకు తెలియాలి.

కొన్ని నెలలుగా పొద్దున పదకొండు ప్రాంతంలో ఉత్తరాలు ఆలస్యంగా వస్తున్నాయని మీరు చెబుతూనే ఉన్నారు. విశాఖ పోర్టు ఏరియాలోని క్లియరింగ్ ఏజెంట్లకు ఆ వేళే పని ముమ్మరంగా ఉంటుంది. షిప్పింగ్ బిల్లు, బీఎల్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే పత్రం) డ్రాఫ్టు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ద్వారకానగర్ ఆడిటర్ల ఆఫీసులకు, ఆటోనగర్ వర్క్‌షాపులకు కూడా అదే వేళ. అరగంట ఆలస్యమైతే లారీ గేటు బయటే నిలిచిపోతుందని మీలో ఒకరు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

మన సర్వర్‌లో ఉత్తరాలను అందుకుని పంపే సాఫ్ట్‌వేర్ పేరు పోస్ట్‌ఫిక్స్. వీట్సే వెనెమా ఐబీఎం పరిశోధనాలయంలో ఉండగా రాసినది. 1998 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. ఇన్నేళ్లలో అది నన్ను ఎప్పుడూ నిరాశపరచలేదు. అయితే దానికి మీ చిరునామాలేవీ కంఠస్థం కావు. ప్రతి ఉత్తరానికీ అడిగి తెలుసుకోవాల్సిందే. ఈ డొమైన్ (చిరునామాలో @ తర్వాతి భాగం) మనదేనా? ఈ పేరుతో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఉత్తరం ఏ పెట్టెకు చేరాలి, ఇంకెవరికైనా ఫార్వర్డ్ కావాలా? ఈ జవాబులన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని పట్టికల్లో ఉంటాయి. ఒక ఉత్తరాన్ని ఆరుగురికి పంపితే ఆరుగురి గురించీ అడగాలి.

అడగడం పెద్ద బరువు కాదు. బరువంతా తలుపు దగ్గర ఉంది. పోస్ట్‌ఫిక్స్ ఒక్కో రకం పనికి మామూలుగా 100 ప్రాసెస్‌ల (ఒకేసారి పక్కపక్కన నడిచే చిన్న ప్రోగ్రాముల) వరకు నడుపుతుంది. అవి దేనికది డేటాబేస్‌కు విడిగా కనెక్షన్లు తెరుస్తాయి. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఒకేసారి 151 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. మన బిల్లింగు, వెబ్‌మెయిల్ కూడా అదే డేటాబేస్ మీద నడుస్తున్నాయి. పదకొండు గంటలకు అందరూ ఒక్కసారిగా తలుపు తడితే కొందరికి లోపలికి చోటు దొరకదు. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని పారేయదు. 451 అనే సంకేతంతో, కాసేపాగి మళ్లీ రమ్మని అవతలి సర్వర్‌కు చెబుతుంది. ఆ సర్వర్ తన వీలును బట్టి మళ్లీ వస్తుంది. అందుకే ఆ రోజుల్లో మీ ఉత్తరాలు ఆలస్యమయ్యాయి గానీ పోలేదు. మీ కంప్యూటర్ నుంచి మీరు పంపేటప్పుడు మాత్రం ఆ సంకేతం నేరుగా మీ తెర మీదే కనిపించేది. "సర్వర్ ఎర్రర్" అని మీరు పంపిన ఫొటోలన్నీ దాని గురించే.

ఈ రద్దీ తగ్గించడానికి శనివారం రాత్రి రెండు పనులు చేశాను. మొదటిది, పోస్ట్‌ఫిక్స్‌లోనే ఉన్న ప్రాక్సీమ్యాప్ అనే భాగాన్ని మధ్యలో పెట్టడం. దాంతో ప్రాసెస్‌లన్నీ కొద్దిపాటి కనెక్షన్లను పంచుకుంటాయి. రెండవది, మెమ్‌క్యాష్‌డీ. దీన్ని బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 2003లో లైవ్‌జర్నల్ వెబ్‌సైటు కోసం రాశారు. ఒకసారి తెలిసిన జవాబును ర్యామ్‌లో ఉంచుకుని, మళ్లీ అడిగితే డేటాబేస్ దాకా పోకుండా అక్కడి నుంచే ఇస్తుంది. పోస్ట్‌ఫిక్స్ 2.9 నుంచి దీనితో నేరుగా మాట్లాడగలదు. ర్యామ్‌లో జవాబు లేకపోతే వెనక ఉన్న అసలు డేటాబేస్‌ను అడిగి, దొరికిన జవాబును ర్యామ్‌లో రాసుకుంటుంది.

ఈ రెండింటినీ ఒకే రాత్రి పెట్టకుండా ఉండాల్సింది. ఆదివారం, సోమవారం ఆలస్యం కనిపించలేదు, నిజమే. కానీ దేని వల్ల ఎంత తగ్గిందో ఇప్పుడు నేను విడదీసి చెప్పలేను. ప్రాక్సీమ్యాప్ ఒక్కటి పెట్టి వారం రోజులు చూసి ఉంటే మెమ్‌క్యాష్‌డీ అవసరమే పడేది కాదేమో అని నా అనుమానం.

ఇక ఆ గంట. ర్యామ్‌లోని జవాబుకు గడువు ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌లో మనం ఏమీ చెప్పకపోతే ఆ గడువు 3600 సెకన్లు, అంటే సరిగ్గా గంట. నేను ఆ అంకెను ముట్టుకోలేదు. యజమాని తొమ్మిదిన్నరకు ఫార్వర్డింగ్ మార్చడానికి కాస్త ముందే ఆ చిరునామాకు ఒక ఉత్తరం వచ్చింది. పాత జవాబు ర్యామ్‌లో చేరింది. ఆ తర్వాత డేటాబేస్‌లో ఏం మారినా, గడువు తీరే దాకా పోస్ట్‌ఫిక్స్ దాని మొహం చూడలేదు. పొద్దున వెస్సెల్ పొజిషన్ నోటుబుక్‌లో రాసుకుని, మధ్యాహ్నం బెర్త్ (ఓడ ఆగే చోటు) మారిన సంగతి తెలియక లారీని పాత బెర్త్‌కే పంపినట్టు అయింది.

ముందుగా పరీక్షించలేదా అని మీరు అడగవచ్చు. పరీక్షించాను. కొత్త చిరునామా ఒకటి సృష్టించి ఉత్తరం పంపాను, వెంటనే చేరింది. అక్కడే పొరబడ్డాను. "ఇలాంటి చిరునామా లేదు" అనే జవాబును పోస్ట్‌ఫిక్స్ ర్యామ్‌లో దాచదు. లేదని తెలిసిన ప్రతిసారీ డేటాబేస్‌నే మళ్లీ అడుగుతుంది. కాబట్టి కొత్తగా చేర్చినవి ఎప్పుడూ తక్షణమే పనిచేస్తాయి. ఉన్నదాన్ని మార్చినా, తీసేసినా మాత్రమే పాత జవాబు అడ్డం వస్తుంది. నేను చేర్చి చూశాను, మార్చి చూడలేదు. వ్యాపారంలో భయమంతా మార్చే చోటే ఉంటుంది: మనిషి మానేసినప్పుడు, భాగస్వామి విడిపోయినప్పుడు, ఏజెంటును మార్చినప్పుడు.

రెండో తప్పు డేటాబేస్‌ను చూసి మీకు జవాబు చెప్పడం. చూడాల్సింది పోస్ట్‌ఫిక్స్‌కు ఏం కనిపిస్తోందో. అందుకు పోస్ట్‌మ్యాప్ అనే ఆదేశం ఉంది; పోస్ట్‌ఫిక్స్ ఏ దారిలో అడుగుతుందో అదే దారిలో అడిగి జవాబు చూపిస్తుంది. ఫోన్ పెట్టేసిన చాలాసేపటికి అది నడిపాను. పాత ఉద్యోగి చిరునామా తెర మీద కనిపించింది. వెంటనే ర్యామ్‌లోని జవాబులన్నీ తుడిచేశాను.

ఆ రోజే సర్వర్ లాగ్ తీసి, ఆ గంటలో పాత ఉద్యోగికి ఏ ఉత్తరాలు ఏ సమయానికి వెళ్లాయో రాసి యజమానికి ఇచ్చాను. మొత్తం మూడు, అందులో ఒకటి ఆయన పరీక్షకు పంపినదే. లాగ్‌లో ఎవరు, ఎవరికి, ఎప్పుడు అన్నదే ఉంటుంది; ఉత్తరంలోని విషయం ఉండదు, నేను చూడలేదు. శనివారం రాత్రి నుంచి మంగళవారం దాకా ఫార్వర్డింగ్ మార్చిన మిగతా ఖాతాదారుల జాబితా కూడా తీశాను. మరో ఇద్దరు మార్చారు. మార్చిన తర్వాతి గంటలో ఆ చిరునామాలకు ఉత్తరాలేవీ రాలేదు. వారిద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. నష్టపోయిన సంస్థ దగ్గర ఈ నెల రుసుము తీసుకోవడం లేదు.

ఇప్పుడు మార్చినవి చెబుతాను. గడువును గంట నుంచి 300 సెకన్లకు తగ్గించాను. మీరు పేజీలో ఏదైనా మార్చగానే, డేటాబేస్‌లో అది నమోదైన తర్వాత, ర్యామ్‌లోని ఆ చిరునామా జవాబు అక్కడికక్కడే తుడిచిపెట్టుకుపోతుంది. ఈ వరుస ముఖ్యం. ముందు తుడిచి తర్వాత నమోదు చేస్తే, ఆ రెండింటి మధ్య వచ్చిన ఉత్తరం పాత జవాబునే మళ్లీ ర్యామ్‌లోకి తెస్తుంది. సరైన వరుసలో చేసినా ఒక సన్నని సందు మిగులుతుంది. సరిగ్గా నమోదవుతున్న క్షణంలో పాత జవాబు చదివిన ప్రాసెస్ ఏదైనా ఉంటే, తుడిచిన తర్వాత దాన్ని మళ్లీ రాయవచ్చు. అరుదు, కానీ అసాధ్యం కాదు. అప్పుడు కూడా అయిదు నిమిషాలకు మించి తప్పు నిలవకూడదనే 300 పెట్టాను. మార్చిన తర్వాత మీ పేజీ చూపించే జవాబు కూడా ఇకపై పోస్ట్‌ఫిక్స్ అడిగే దారిలో అడిగి తెచ్చినదే. అది కొత్త చిరునామా చూపిస్తే సర్వర్‌కు కూడా కొత్తదే తెలుసు.

మంగళవారం నుంచి ఈ విషయం తెలిసిన ఒకరిద్దరు అడిగిన ప్రశ్నలకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. మా ఉత్తరాలు ఆ ర్యామ్‌లో ఉంటాయా? ఉండవు. ఏ డొమైన్లు మనవి, ఏ చిరునామా ఎక్కడికి వెళ్లాలి అన్న రెండు పట్టికల జవాబులే ఉంటాయి. పాస్‌వర్డ్‌లు అసలే ఉండవు. వాటిని సరిచూసే పని డవ్‌కాట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ది, దానికి ఈ మార్పుతో సంబంధం లేదు. ఉత్తరాలు డిస్కులో ఏ ఫోల్డర్‌కు చేరాలి, ఏ యూజర్ హక్కులతో రాయాలి అని చెప్పే పట్టికలను మెమ్‌క్యాష్‌డీకి అప్పగించవద్దని పోస్ట్‌ఫిక్స్ సూచనల్లోనే స్పష్టంగా ఉంది. మెమ్‌క్యాష్‌డీతో మాట్లాడగలిగిన ఏ ప్రోగ్రామైనా అందులో రాయగలదు కాబట్టి. అవి మునుపటిలాగే డేటాబేస్ నుంచే వస్తాయి. ఇదే కారణంతో మన మెమ్‌క్యాష్‌డీ సర్వర్ లోపలి నుంచి తప్ప బయటి నుంచి ఎవరికీ పలకదు. 2018 ఫిబ్రవరిలో ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ వెబ్‌సైటు మీద సెకనుకు 1.35 టెరాబిట్ల డేటా వెల్లువ వచ్చిపడింది. ప్రపంచంలో ఎవరెవరో ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసిన మెమ్‌క్యాష్‌డీలను వాడుకునే దాడి చేశారు. మన యంత్రం ఆ జాబితాలో ఎన్నటికీ ఉండకూడదు.

కరెంటు పోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది. ఈ ప్రశ్న రావడం న్యాయం. ర్యామ్‌లోనిది పోతుంది. అది నకలు మాత్రమే, అసలు డేటాబేస్‌లో భద్రంగా ఉంటుంది. బుధవారం రాత్రి మెమ్‌క్యాష్‌డీని నేనే ఆపి, ఈసారి చేర్చడం, మార్చడం, తీసేయడం మూడూ పరీక్షించాను. ఉత్తరాలు డేటాబేస్ జవాబులతోనే సరిగ్గా వెళ్లాయి.

వచ్చే శనివారం రాత్రి 11 గంటల నుంచి బిల్లింగును వేరే డేటాబేస్‌కు మారుస్తున్నాను. ఆ అరగంట బిల్లుల పేజీ తెరుచుకోదు, మెయిల్ నడుస్తుంది. అది ముగిసిన వారం తర్వాత మెమ్‌క్యాష్‌డీని ఒక పూట ఆపి చూస్తాను. అది లేకుండా కూడా పదకొండు గంటల రద్దీ గట్టెక్కితే, పూర్తిగా తీసేస్తాను. ఆపబోయే రోజు ముందుగానే మీకు రాస్తాను.

ఉద్యోగి మానేసిన రోజున మాత్రం నాకు కూడా ఒక ఫోన్ చేయండి. ఆ చిరునామాను మీరు ఫోన్‌లో ఉండగానే పోస్ట్‌మ్యాప్‌తో చూసి, ఉత్తరం ఎవరికి వెళ్తుందో చదివి చెబుతాను.