హోంసైన్స్ అంటే వంటలేనా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట జిల్లా పేజీలో ఇంటర్ తర్వాత ఏ కోర్సులో చేరాలో చెబుతూ కథనం వేశారు. ఇంజినీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ గురించి పేరాలకు పేరాలు రాసి, హోంసైన్స్ దగ్గరకొచ్చేసరికి ‘వంటలు, కుట్లు, అల్లికలపై ఆసక్తి ఉన్న అమ్మాయిలకు’ అని ఒక్క ముక్కతో తేల్చేశారు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. సెంటర్ పనులతో రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

నేను గార మండలంలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా అమ్మాయి తిరుపతిలో హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్ చదివింది. హోంసైన్స్‌లో అదొక విభాగం. కడుపులో బిడ్డ దగ్గర నుంచి ముసలితనం దాకా మనిషి ఎలా ఎదుగుతాడు, ఏ వయసుకు ఏ మాట, ఏ భయం వస్తాయి, ఇంట్లో పెద్దల గొడవలు పిల్లల మీద ఎలా పడతాయి, ఇవీ అందులో పాఠాలు. పిల్లల ఎదుగుదల మీద పియాజే, ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిన సిద్ధాంతాలు చదవాలి, స్టాటిస్టిక్స్ చేయాలి. ప్రాక్టికల్స్‌లో ఒక పిల్లవాడిని అరగంట చూసి, చూసింది మాత్రమే రాయాలి. ‘అల్లరివాడు’ అని రాస్తే మేడమ్ కొట్టేసేవారట. వాడేం చేశాడో రాయమనేవారట.

కిందటేడాది సంక్రాంతికి వచ్చినప్పుడు మా అమ్మాయి మా సెంటర్లో ఓ గుంటడిని చూసింది. రెండున్నరేళ్లు. తండ్రి గుజరాత్ బోట్ల మీద వేటకు వెళ్లాడు, వీడు నాయనమ్మ దగ్గర ఉంటాడు. మాటలు రాలేదేమని అడిగితే ‘వాళ్ల నాన్నకీ ఆలస్యమేనమ్మా’ అందావిడ. నేనూ సరే అనుకున్నాను. మా అమ్మాయి వాడి వెనక కూర్చుని పేరు పెట్టి పిలిచింది. తిరగలేదు. గిన్నె మీద గరిటెతో కొట్టింది. తిరగలేదు. ‘రెండేళ్లకే రెండు మాటలు కలిపి అనాలమ్మా, ముందు చెవులు చూపించండి’ అంది. శ్రీకాకుళం తీసుకెళ్తే వినికిడి లోపమని తేలింది. ఇప్పుడు చెవికి మిషన్ పెట్టుకుని ‘మామ్మ’ అంటున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు తూకం, ఎత్తు కొలవడం నేర్పారు గానీ ఇది నేర్పలేదు. నా కళ్ల ముందే ఏడాది పోయింది వాడికి.

అలాంటి పిల్ల ఒక కార్యాలయంలో పిల్లల సంరక్షణ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, సర్టిఫికెట్ చూసిన అధికారి ‘హోంసైన్సా, వంట బాగా వచ్చా?’ అని అడిగారు. బయటికొచ్చి బస్టాండులో ఏడ్చింది. అడిగే కుర్చీలో కూర్చున్నవాళ్లకే ఆ ఉద్యోగానికి ఏ చదువు కావాలో తెలియకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

మా అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. యాభై ఏళ్లు గడిచినా మమ్మల్ని గుడ్లు, పాల లెక్కలే అడుగుతున్నారు. రోజులో సగం ఫోన్లో ఎంట్రీలకే సరిపోతుంది. సిగ్నల్ లేకపోతే మిద్దె ఎక్కాలి. మూడేళ్ల నుంచే చదువుకు పునాది వేయాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ వయసు పిల్లల గురించి చదివినవాళ్లను పక్కన పెడితే పునాది ఎవరు వేస్తారు? పెద్దల సంగతీ అంతే. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. కొడుకులు వలసపోయి చూడకపోతే ఆ ముసలివాళ్లు అర్జీ పట్టుకుని ఆర్డీవో ఆఫీసు మెట్ల మీద కూర్చుంటున్నారు. వాళ్లనీ, కొడుకులనీ కూర్చోబెట్టి మాట్లాడడానికి కుటుంబాల గురించి చదివిన మనిషి ఒక్కరైనా అక్కడ ఉండాలి కదా.

రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో హోంసైన్స్ పేరు కమ్యూనిటీ సైన్స్ అయింది. పేరు మారినా జనం చూపు మారలేదు. అందులో పత్రికల తప్పూ ఉంది. మా పిల్ల ఆమదాలవలసలో రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేసి చదువుకుంది. అందరి తల్లిదండ్రులూ అంత దూరం పంపరు. 2008లో మన జిల్లాలోనే ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ చదువు మన పిల్లలకు అక్కడే దొరకాలని మీరు గట్టిగా రాయండి. ముందు ఆ ఒక్క ముక్కను దిద్ది, ఈ కోర్సు గురించి ఒక పూర్తి కథనం వేయండి. డిగ్రీ అడ్మిషన్లు ముగియకముందే వేయండి.

– ఒక అంగన్‌వాడీ టీచర్, గార మండలం, శ్రీకాకుళం జిల్లా