డాక్టర్ 25,000 యూనిట్లవి రాస్తే 10,000వి పంపి ‘మందు ఒకటే’ అంటారా?

కస్టమర్ కేర్ వారికి, మీ ఫార్మసీ విభాగం చూసే పెద్దలకి,

మా తమ్ముడికి క్రానిక్ పాంక్రియాటైటిస్, అంటే తిండి అరగడానికి ఎంజైమ్‌లు తయారుచేసే పాంక్రియాస్ గ్రంథి శాశ్వతంగా దెబ్బతినే జబ్బు. వాడు, అమ్మ గోదావరిఖనిలో ఉంటారు, నేను హైదరాబాద్ నుంచి మీ యాప్‌లో ప్రతి నెలా వాడి ఎంజైమ్ క్యాప్సూల్స్ ఆర్డర్ పెడతాను. అక్కడి మెడికల్ షాపుల్లో 25,000 యూనిట్లవి అడిగితే తెప్పిస్తామంటారు గానీ ఎప్పుడొస్తాయో చెప్పరు, అందుకే మిమ్మల్ని నమ్ముకున్నాం. ఏప్రిల్‌లో మీరు ఒక్క మాట కూడా అడగకుండా వేరే కంపెనీవి, 10,000 యూనిట్లవి పంపేశారు. ప్రిస్క్రిప్షన్ మీ దగ్గరే ఉంది, అందులో అంకె కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీరు మార్చిన సంగతి మాత్రం బిల్లు అడుగున, భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. మందు పేరు అదే, డబ్బా కూడా ఇంచుమించు అలాగే ఉంది, రోజూ ఇచ్చినట్టే భోజనానికి రెండు చొప్పున ఇస్తూ వచ్చింది.

ఫోన్ చేస్తే మీ ఏజెంట్ చెప్పిన సమాధానం: ‘కంపోజిషన్ ఒకటే మేడం, ఏం కాదు.’

ఎందుకు కాదండీ? ఆ అంకె లైపేజ్ యూనిట్లది. మనం తిన్న కొవ్వుని అరిగించే ఎంజైమ్ అది, మామూలుగా పాంక్రియాస్ తయారుచేస్తుంది. మా వాడి పాంక్రియాస్ రాళ్లు పట్టి ఎండిపోయింది, ఇప్పుడు ఆ పని మొత్తం చేయాల్సింది ఈ క్యాప్సూలే. పూటకి 50,000 యూనిట్లు అందాల్సిన మనిషికి మీ వల్ల 20,000 అందాయి, అంటే సగం కూడా కాదు. డాక్టర్ గారు నూనె, నెయ్యి పూర్తిగా మానొద్దన్నారు, మానేస్తే ఇంకా చిక్కిపోతాడని, సరిపడా ఎంజైమ్ వేసుకుని మామూలుగానే తినమన్నారు. వాడు అలాగే తిన్నాడు. తిన్నది తిన్నట్టే బయటికి పోయింది. బాత్రూంలో నీళ్ల మీద నూనె తెట్టు కట్టి, ఎన్నిసార్లు నీళ్లు కొట్టినా పోక, వాసన ఇల్లంతా పట్టేసేది, వాడు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. బరువు 4 కేజీలు తగ్గాడు. కొవ్వుతో పాటు విటమిన్ ఎ, డి, ఇ, కె కూడా ఒంటికి పట్టకుండా పోతాయి. వాడికి అసలే డి తక్కువ, ఎముకలు బలహీనపడుతున్నాయని డాక్టర్ ముందునుంచే హెచ్చరిస్తున్నారు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇంకోటి. ఈ జబ్బు వల్లే వాడికి షుగర్ కూడా వచ్చింది, ఇన్సులిన్ మీద ఉన్నాడు. తిండి సరిగ్గా ఒంటికి పట్టని రోజుల్లో మామూలు డోసే వేసుకున్నాడు, ఒక రాత్రి షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడుతుంటే అమ్మ పంచదార నీళ్లు తాగించింది. అమ్మ మెలకువగా ఉండబట్టి సరిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. అదే ఫోన్లో మీ ఏజెంట్ ‘పేషెంట్ డ్రింక్ చేస్తారా మేడం’ అని అడిగాడు. మా వాడు జన్మలో చుక్క ముట్టలేదు. మన దక్షిణ భారతంలో తాగుడు అలవాటే లేని కుర్రవాళ్లకి కూడా పాంక్రియాస్‌లో రాళ్లు వచ్చి ఈ జబ్బు వస్తుంది, కొందరిలో జన్యు లోపాలు కూడా కారణమవుతాయి. అయినా తాగేవాళ్లయితే మాత్రం తప్పు డోసు పంపొచ్చా? మందులమ్మే కంపెనీ మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అది?

మే నెల పార్సెల్ సంగతి కూడా ఇందులోనే రాస్తున్నా. డబ్బా మీద 25 డిగ్రీలు దాటకుండా ఉంచాలని మీరు పంపినదాని మీదే ఉంది. గోదావరిఖని ఎండలు మీకు తెలియనివి కావు, 45 దాకా పోతాయి. మామూలు ప్లాస్టిక్ కవర్లో వచ్చింది, మూత తీస్తే క్యాప్సూల్స్ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వేడికి ఎంజైమ్ దెబ్బతింటుంది, అలాంటప్పుడు పైన ఎంత అంకె వేసి ఉన్నా లోపల ఎంత పనిచేస్తుందో ఎవరు చెప్తారు? ఫోటోలు పంపితే ‘తెరిచిన మందు వాపసు తీసుకోం’ అని మెసేజ్ పెట్టారు. తెరవకుండా ఎలా తెలుస్తుందండీ?

నేను అడిగేవి ఇవి. రెండు పార్సెళ్ల డబ్బు పూర్తిగా వాపసు చేయండి. డాక్టర్ రాసిన యూనిట్లు మీ దగ్గర లేకపోతే ఆర్డర్ ఆపి ఫోన్ చేయండి, మీరే తేల్చేసుకోవద్దు, మార్చాల్సి వస్తే మీ ఫార్మసిస్ట్ మాతోనో డాక్టర్‌తోనో మాట్లాడాకే మార్చండి. ఎండాకాలంలో ఈ మందుని చల్లటి ప్యాకింగ్‌లో పంపండి. ఏప్రిల్‌లో ఇదే మార్పు ఇంకెంతమందికి చేశారో చూసి వాళ్లందరికీ వెంటనే ఫోన్ చేసి చెప్పండి, ఇది అన్నిటికంటే ముందు జరగాలి, ఎందుకంటే వాళ్లలో ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఉంటారు.

బిల్లులు, ప్రిస్క్రిప్షన్, ఫోటోలు, మీ ఏజెంట్‌తో చాట్ అన్నీ దీనితో జతచేస్తున్నాను. వారంలోగా రాతపూర్వకంగా సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్, పేషెంట్ అక్క