వానాకాలానికి ముందే మన వార్డు విపత్తు ప్రణాళిక

గౌరవ సభ్యులకు నమస్కారం. 2023 జూలై 27న తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మన భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తినప్పుడు, జనం డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారని, వారిని రక్షించడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చిందని మనందరికీ తెలుసు. రాత్రిపూట వరద వస్తే కరెంటు, ఫోన్లు రెండూ పోవచ్చు కనుక, భూపాలపల్లి మున్సిపాలిటీకి మనం ఇవ్వబోయే ప్రణాళికలో బ్యాటరీ మైకు, డప్పు చాటింపు తప్పక ఉండాలని నా గట్టి అభిప్రాయం. నడవలేని వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవారు ఏ ఇంట్లో ఉన్నారో, వరద వస్తే వారిని తలదాచుకోవడానికి ఎవరు ఏ బడికి చేర్చాలో పేర్లతో సహా రాసుకోవాలి. ఇది అధికారులకే వదిలేసే పని కాదు, ఇంటి పరిస్థితి ఇరుగుపొరుగుకే ముందు తెలుస్తుంది. రోడ్డు మీద వాగు పారుతుంటే ఎవరూ బండి దాటించరాదు. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108. ఆరోగ్య వివరాలను గ్రూపులో పెట్టకుండా, ఆదివారంలోగా నాకు విడిగా పంపగలరు.